ఆ ‘ఎస్‌డీఏ’ ఏ డిస్కో ముందు తేల్చండి

సర్వర్ల గురించి అడగమని పోయిన నెల రాశాను కదా, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గొడవ. మనిషి పక్కన కూర్చోకుండా లైనక్స్ దానంతటదే ఇన్‌స్టాల్ కావాలి, అందులో డిస్క్ పార్టిషన్ల (డిస్క్‌ని ముక్కలు చేసి వాడుకోవడం) దగ్గర మాత్రం ఏదో ఒకటి తేడా కొడుతుంది. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను. కంపెనీల పేర్లు రాసినవాళ్లవి తీసేశాను, మీ ఉద్యోగాలు మీకు ఉండాలి కాబట్టి.

ప్రశ్న: మాకు కొత్తగా 40 సర్వర్లు వచ్చాయి. ఒక్కోదానిలో 480 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, 4 టీబీ డిస్కులు రెండు. రాకీ లైనక్స్ 9 కోసం కిక్‌స్టార్ట్ ఫైల్ (ఇన్‌స్టాలర్ ఏం చేయాలో ముందే రాసి పెట్టేది) రాసి, నెట్‌వర్క్ నుంచి బూట్ చేసి వదిలేశాం. 37 బాగానే వచ్చాయి. మూడింటిలో మాత్రం ఓఎస్ వెళ్లి 4 టీబీ డిస్క్‌లో కూర్చుంది. ఫైల్ ఒకటే, మెషీన్లు ఒకే మోడల్. మా సీనియర్ ‘నువ్వే మధ్యలో ఏదో మార్చుంటావు’ అంటున్నారు. నేనేం మార్చలేదండీ. – ఒక సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: మీరేం మార్చలేదు, మీ సీనియర్‌కి ఈ పేజీ చూపించండి. మీరు పంపిన ఫైల్‌లో పార్ట్ అని మొదలయ్యే ప్రతి వరుసలోనూ ‘ఆన్‌డిస్క్ = ఎస్‌డీఏ’ అని ఉంది. దానికి పైన ‘క్లియర్‌పార్ట్ --ఆల్’ అని ఉంది. మొదటిదాని వల్ల ఓఎస్ తప్పు డిస్క్‌కి వెళ్లింది. రెండోదాని వల్ల అంతకంటే పెద్ద నష్టమే జరిగేది, మీ డిస్కులు కొత్తవి, ఖాళీవి కాబట్టి బతికిపోయారు.

ఎస్‌డీఏ అనేది డిస్క్ పేరు అని మనం అనుకుంటాం. అది ఆస్పత్రిలో ఓపీ చీటీ మీద వేసే నంబర్ లాంటిది, ఎవరు ముందొస్తే వాళ్లకి ఒకటి. లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ లేస్తూనే, డిస్కులు తగిలించే కంట్రోలర్లని, వాటి వెనకున్న డిస్కుల్ని వెతుకుతుంది, ఒకటి పలికేదాకా ఆగి ఆ తర్వాత ఇంకోదాన్ని పిలవడం అనే ఓపిక దానికి లేదు, అన్నింటినీ దాదాపు ఒకేసారి పలకరిస్తుంది, ముందు పలికినది ఎస్‌డీఏ, తర్వాతది ఎస్‌డీబీ. మీ 37 మెషీన్లలో ఎస్‌ఎస్‌డీ ముందు పలికింది, మూడింటిలో పలకలేదు, అంతే. ఆ మూడింటినే మళ్లీ బూట్ చేస్తే ఈసారి వరస మారినా ఆశ్చర్యపోను. పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి ఇంకో చిక్కు, ఒక్కోసారి ఆ పెన్‌డ్రైవే ఎస్‌డీఏ అయి కూర్చుంటుంది. రిమోట్ కన్సోల్ నుంచి తగిలించే వర్చువల్ మీడియా కూడా ఇదే వరసలో దూరుతుంది. అదే ఎన్‌వీఎంఈ డిస్క్ అయితే అసలు ‘ఎస్‌డీ’ వరసలోనే ఉండదు, దాని పేరు ఎన్‌వీఎంఈ0ఎన్1 అని మొదలవుతుంది. వర్చువల్ మెషీన్లో వీడీఏ.

ఇక క్లియర్‌పార్ట్ --ఆల్, పాత పార్టిషన్లు చెరిపే వరుస. పక్కన ఏ డిస్కులో చెప్పకపోతే దాని అర్థం నిజంగానే ‘అన్నీ’. మెషీన్ లోపలివే కాదు, ఫైబర్ కేబుల్‌తో తగిలించిన స్టోరేజ్ కూడా ఇన్‌స్టాలర్‌కి కనిపిస్తే అదీ ‘అన్నీ’లోకే వస్తుంది. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక మామూలు సర్వర్‌ని తిరిగి ఇన్‌స్టాల్ చేద్దామని శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టాను, దానికి వెనక నుంచి ఒక డేటాబేస్ స్టోరేజ్ కనిపిస్తోందన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, టీ తాగి వచ్చేసరికి దాని పార్టిషన్ టేబుల్ పోయింది. బ్యాకప్ నుంచి వెనక్కి తేవడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ తర్వాత నుంచి ఇన్‌స్టాల్ చేసే ముందు ఫైబర్ కేబుల్ పీకేయడమో, స్విచ్‌లో ఆ దారి మూసేయడమో నాకు అలవాటు. స్క్రిప్ట్ ఎంత బాగా రాసినా సరే, పీకేస్తాను.

మీ ఫైల్‌కి వద్దాం. మొట్టమొదట ‘ఇగ్నోర్‌డిస్క్ --ఓన్లీ-యూజ్’ అనే వరుస పెట్టండి. అందులో రాసిన డిస్క్ తప్ప మిగతావి ఇన్‌స్టాలర్ ముట్టుకోదు. క్లియర్‌పార్ట్‌కి కూడా --డ్రైవ్స్ అని అదే డిస్క్ చెప్పండి. రెండూ ఎందుకు అంటే, రేపు ఎవరో వచ్చి ఒకటి తీసేసినా రెండోది ఉంటుంది.

మరి ఆ డిస్క్‌ని ఏ పేరుతో చెప్పాలి? /డెవ్/డిస్క్ కింద బై-ఐడీ, బై-పాత్ అని రెండు ఫోల్డర్లు ఉంటాయి. బై-ఐడీలో మోడల్, సీరియల్ నంబర్ కలిపిన పేరు ఉంటుంది, డిస్క్‌ని ఏ స్లాట్‌లో పెట్టినా మారదు, కానీ 40 డిస్కులకి 40 సీరియల్ నంబర్లు కాబట్టి ఒకే ఫైల్ అందరికీ పనికిరాదు. బై-పాత్‌లో డిస్క్ ఏ కంట్రోలర్‌కి, ఏ పోర్ట్‌కి తగిలించి ఉందో ఉంటుంది. ఒకే మోడల్ మెషీన్లు, ఒకేలా వైర్లు అయితే ఇది హాయి. కానీ డేటా సెంటర్లో రాత్రి డ్యూటీ కుర్రాడు ఒక డిస్క్ పాడైతే తీసి పక్క స్లాట్‌లో కొత్తది పెట్టి వెళ్లిపోతాడు, ఆ సంగతి మీ కిక్‌స్టార్ట్ ఫైల్‌కి తెలియదు.

అందుకే నేనైతే పేరు రాయను, గుర్తులు రాస్తాను. కిక్‌స్టార్ట్‌లో ‘ప్రీ’ అనే భాగం ఉంది, డిస్కుల జోలికి వెళ్లకముందే అందులోని స్క్రిప్ట్ నడుస్తుంది. దానిలో ఎల్‌ఎస్‌బ్లాక్ కమాండ్‌తో డిస్కుల జాబితా తీయండి, సైజు బైట్లలో వచ్చేలా. తర్వాత జల్లెడ పట్టండి: రకం ‘డిస్క్’ అయి ఉండాలి, తీసి పెట్టుకునే రకం కాకూడదు, యూఎస్‌బీ కాకూడదు, సైజు 400 నుంచి 500 జీబీ మధ్యలో ఉండాలి. సైజు కచ్చితంగా 480 అని పెట్టకండి. పెట్టె మీద 480 జీబీ అని ఉన్నదే లైనక్స్ లెక్కలో 447 గా కనిపిస్తుంది, వాళ్లు వెయ్యితో గుణిస్తారు, మనవాళ్లు 1024 తో.

ఇప్పుడు అసలు సంగతి. జల్లెడలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఒకటే మిగిలితే ముందుకెళ్లండి. ఒక్కటీ మిగలకపోతే ఆగిపోవాలి. రెండు మిగిలినా ఆగిపోవాలి. ఈ రెండో మాట దగ్గరే చాలామంది తప్పు చేస్తారు, జాబితాలో మొదటిది తీసుకునే స్క్రిప్టులు ఎక్కడ చూసినా అవే కనిపిస్తాయి, అవి ఎస్‌డీఏ జబ్బుకే కొత్త చొక్కా తొడుగుతాయి. ప్రీ భాగం మొదట్లో --ఎర్రర్‌ఆన్‌ఫెయిల్ అని పెడితే, స్క్రిప్ట్ తప్పుతో బయటికొచ్చిన వెంటనే ఇన్‌స్టాలేషన్ ఆగుతుంది. అది పెట్టకపోతే స్క్రిప్ట్ చచ్చినా ఇన్‌స్టాలర్ తన దారిన తను పోతుంది. --లాగ్ కూడా పెట్టుకోండి, లేకపోతే స్క్రిప్ట్ ఎక్కడ ఆగిందో వెతుక్కోవడం నరకం.

డిస్క్ దొరికాక ఇగ్నోర్‌డిస్క్, క్లియర్‌పార్ట్, పార్ట్ వరుసలన్నీ ఆ పేరుతో /టీఎంపీ కింద ఒక చిన్న ఫైల్‌లో రాయించి, అసలు కిక్‌స్టార్ట్‌లో వాటి బదులు ‘ఇంక్లూడ్’ అని ఆ ఫైల్‌ని పిలవండి. ఈ బూట్‌లో దాని పేరు ఎస్‌డీసీ అయితే ఎస్‌డీసీ అనే రాస్తుంది, ఇప్పుడు కనుక్కుని ఇప్పుడే వాడుతున్నాం కాబట్టి పరవాలేదు.

ఇంకొక్కటి, డేటా డిస్కులకి ఫార్మాట్ చేసేటప్పుడే ఒక లేబుల్ పెట్టే అలవాటు చేసుకోండి, ‘డేటా’ అని పెట్టినా చాలు. ఎంచుకున్న డిస్క్ మీద ఎక్కడైనా ఆ లేబుల్ కనిపిస్తే ఆగిపోమని స్క్రిప్ట్‌లో ఇంకో రెండు వరుసలు. అవి పనికొచ్చే రోజు ఏళ్లకొకసారి వస్తుంది, కానీ వస్తుంది.

పాత బయాస్ మెషీన్లు, యూఈఎఫ్ఐ మెషీన్లు (రెండూ మెషీన్ బూట్ అయ్యే పద్ధతులే, రెండోది కొత్తది) కలగలిసి ఉంటే? మీరు ఉత్తరం చివర్లో అడిగారు. పార్ట్ వరుసలకి ముందు ‘రెక్‌పార్ట్’ అని ఒక్క మాట పెడితే ఆ మెషీన్‌కి కావాల్సిన బూట్ పార్టిషన్ అదే చేస్తుంది. యూఈఎఫ్ఐకి ఈఎఫ్ఐ పార్టిషన్, బయాస్‌లో జీపీటీ (కొత్త రకం పార్టిషన్ టేబుల్) డిస్క్ అయితే ఓఎస్‌ని లేపే గ్రబ్ కోసం 1 ఎంబీ చిన్న ముక్క.

ప్రశ్న: ఉబుంటు సర్వర్‌ని ఆటోఇన్‌స్టాల్‌తో (ఉబుంటులో కిక్‌స్టార్ట్ లాంటిది) పెట్టాం. డిస్క్ 500 జీబీ. చోటు ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే 98 జీబీ చూపిస్తోంది. షాపువాడు మోసం చేశాడా? – గుంటూరు నుంచి

జవాబు: పాపం, షాపువాడిని వదిలేయండి. మీ 500 అక్కడే ఉన్నాయి.

ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్‌లో స్టోరేజ్ లేఅవుట్ ‘ఎల్‌వీఎం’ (డిస్క్ చోటుని వాల్యూమ్ గ్రూప్ అనే కుప్పగా పోసి, అందులోంచి కావాల్సినంత పంచే పద్ధతి) అని పెడితే రూట్‌కి, అంటే ఓఎస్ ఉండే ప్రధాన భాగానికి, ఎంత ఇవ్వాలో అది సొంత లెక్క వేసుకుంటుంది. 10 జీబీ కంటే చిన్న చోటైతే మొత్తం ఇచ్చేస్తుంది. 10 నుంచి 20 మధ్యైతే 10 ఇస్తుంది. 20 నుంచి 200 దాకా సగం. 200 దాటితే ఎంతున్నా సరే 100. మిగతాది వాల్యూమ్ గ్రూప్‌లో ఖాళీగా పడి ఉంటుంది. వీజీఎస్ అనే కమాండ్ కొట్టి చూడండి, చివరి గడిలో మీ సొమ్ము కనిపిస్తుంది.

ఇప్పుడున్న మెషీన్‌లో కావాలంటే ఎల్‌వీఎక్స్‌టెండ్‌కి -ఆర్ జోడించి పెంచండి, ఫైల్ సిస్టమ్ కూడా దానితోపాటే పెరుగుతుంది, రీబూట్ అక్కర్లేదు. ముందు ముందు చేసే ఇన్‌స్టాల్స్ కోసం ఫైల్‌లో ‘సైజింగ్-పాలసీ: ఆల్’ అని రాయండి. నన్నడిగితే మాత్రం మొత్తం ఊడ్చి ఇచ్చేయకండి, పెంచడం అర నిమిషం పని, అవసరమైనప్పుడు పెంచుకోవచ్చు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఆ ఖాళీ చూసి తెగ బాధపడిపోతారు, ఏదో వేస్ట్ అయిపోతున్నట్టు.

మీరు అడగలేదు కానీ చెప్పాల్సిన సంగతి ఇంకోటి ఉంది. లేఅవుట్‌లో డిస్క్ ఏదో చెప్పకపోతే ఉబుంటు అన్నింటికంటే పెద్ద డిస్క్‌ని ఎంచుకుంటుంది. ఒకటే డిస్క్ ఉన్న మీ మెషీన్‌లో ఇబ్బంది లేదు. పైన హైదరాబాద్ మిత్రుడి మెషీన్లలో ఇదే ఫైల్ నడిపితే 40 కి 40 తప్పు డిస్క్‌లోకే వెళ్తాయి, ఎందుకంటే సర్వర్లో అన్నింటికంటే పెద్ద డిస్క్ దాదాపు ఎప్పుడూ డేటాదే. ‘మ్యాచ్’ అనే భాగంలో ఎస్‌ఎస్‌డీ అయి ఉండాలి అనో, మోడల్ పేరు ఇలా మొదలవ్వాలి అనో, సీరియల్ ఇదీ అనో చెప్పొచ్చు. ఇంకా మెలికలు కావాలంటే ‘ఎర్లీ-కమాండ్స్’లో స్క్రిప్ట్ నడిపి /ఆటోఇన్‌స్టాల్.యామల్ ఫైల్‌నే మార్చేయొచ్చు. ఆ కమాండ్లు అయ్యాక ఇన్‌స్టాలర్ ఆ ఫైల్‌ని మళ్లీ చదువుతుంది. కిక్‌స్టార్ట్‌లో ప్రీ, ఇంక్లూడ్ కలిసి చేసే పనే ఇది.

ప్రశ్న: డెబియన్ 12 ప్రీసీడ్ ఫైల్ కొత్త మెషీన్లలో సాఫీగా నడుస్తుంది. పాతవి తిరిగి ఇన్‌స్టాల్ చేస్తుంటే మాత్రం పార్టిషన్ల దగ్గర ఆగి ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. డీడీతో (డిస్క్ మీద నేరుగా రాసే కమాండ్) డిస్క్ మొదట్లో తుడిచి చూశాను, అయినా అంతే. ఇంకో చిన్న సందేహం, రెసిపీలో (ఏ పార్టిషన్‌కి ఎంత చోటో రాసే జాబితా) మూడు నంబర్లు ఉంటాయి కదా, మధ్యది ఏంటి? – ఒక ఇంజినీర్, విశాఖపట్నం

జవాబు: పాత డిస్క్ మీద పాత జ్ఞాపకాలు ఉంటాయి, అందుకే. ప్రీసీడ్ అంటే ఇన్‌స్టాలర్ అడగబోయే ప్రశ్నలకి ముందే జవాబులు రాసి పెట్టడం. కొత్త డిస్క్ మీద కొన్ని ప్రశ్నలు అసలు పుట్టవు కాబట్టి జవాబు లేకపోయినా నడిచిపోతుంది. పాత డిస్క్ మీద ఎల్‌వీఎం కనిపిస్తే ‘తీసేయనా’ అంటుంది, రెయిడ్ (చాలా డిస్కుల్ని ఒకటిగా కలిపే పద్ధతి) కనిపిస్తే మళ్లీ ‘తీసేయనా’ అంటుంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్ల పని చూసేది పార్ట్‌మ్యాన్. పార్ట్‌మ్యాన్-ఎల్‌వీఎం కింద డివైస్_రిమూవ్_ఎల్‌వీఎం, పార్ట్‌మ్యాన్-ఎండీ కింద డివైస్_రిమూవ్_ఎండీ, ఈ రెండూ ‘ట్రూ’ చేయండి. అలాగే కన్ఫర్మ్ అని ఉన్న ప్రతిదాని పక్కన కన్ఫర్మ్_నోఓవర్‌రైట్ అని ఒక తోబుట్టువు ఉంటుంది, చాలామంది మొదటిది పెట్టి రెండోది మరిచిపోతారు. పార్ట్‌మ్యాన్‌కీ పెట్టాలి, పార్ట్‌మ్యాన్-ఎల్‌వీఎంకీ పెట్టాలి.

డీడీ విషయం. డిస్క్ మొదట్లో తుడిస్తే సరిపోదు, జీపీటీ తన టేబుల్‌కి ఇంకో ప్రతి డిస్క్ చివర్లో దాచుకుంటుంది. లైనక్స్ రెయిడ్ గుర్తులు కూడా, మెటాడేటా వెర్షన్ 0.90, 1.0 అయితే చివర్లోనే ఉంటాయి. 1.2 అయితే మొదటి నుంచి 4 కేబీ దూరంలో. కాబట్టి రెండు చివర్లా తుడవాలి. డిస్క్ చివర ఎక్కడుందో తెలియాలంటే /సిస్/బ్లాక్ కింద ఆ డిస్క్ ఫోల్డర్‌లో సైజు అనే ఫైల్ చూడండి, అందులో 512 బైట్ల సెక్టార్ల లెక్క ఉంటుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ లోపల ఉండేది బిజీబాక్స్ అనే చిన్న కమాండ్ల మూట, మన మామూలు మెషీన్‌లో ఉండే కమాండ్లు అన్నీ అక్కడ ఉండవు, కాబట్టి ఇలాంటి నాటు పద్ధతులే దిక్కు.

దానికంటే విచిత్రం ఇంకోటి. పార్టిషన్ టేబుల్ తుడిచినంత మాత్రాన పార్టిషన్ లోపల ఉన్న ఎల్‌వీఎం గుర్తు పోదు. కొత్త పార్టిషన్ కూడా సరిగ్గా పాతది మొదలైన చోటే మొదలైతే, ఒకే రెసిపీ వాడుతున్నారు కాబట్టి అక్కడే మొదలవుతుంది కూడా, పాత వాల్యూమ్ గ్రూప్ దెయ్యంలా లేచి కూర్చుంటుంది. అప్పుడు ‘ఈ పేరుతో వాల్యూమ్ గ్రూప్ ముందే ఉంది’ అని ఆగిపోతుంది. ఇల్లు కూల్చేముందు సామాను బయట పెట్టినట్టు, ముందు వాల్యూమ్ గ్రూప్ తీసేసి, తర్వాత ఫిజికల్ వాల్యూమ్ (పార్టిషన్ మీద ఉండే ఎల్‌వీఎం గుర్తు) తీసేసి, ఆ తర్వాతే టేబుల్ తుడవండి. ఇవన్నీ ‘పార్ట్‌మ్యాన్/ఎర్లీ_కమాండ్’లో పెట్టుకోవచ్చు. డిస్క్ ఏదో వెతికి పార్ట్‌మ్యాన్-ఆటో/డిస్క్‌కి డెబ్‌కాన్ఫ్-సెట్‌తో చెప్పడం కూడా అక్కడే. డెబియన్ వాళ్ల నమూనా ఫైల్‌లో ఉన్నది చూసే ఉంటారు, లిస్ట్-డివైసెస్ ఇచ్చిన జాబితాలో మొదటిది తీసుకుంటుంది. నమూనాకి అది సరే. మీరు అలాగే వాడితే నా మొదటి జవాబు మళ్లీ చదవండి.

మూడు నంబర్లు: మొదటిది కనీసం ఎంత, చివరిది గరిష్ఠంగా ఎంత, -1 అంటే హద్దు లేదని. మధ్యది ప్రయారిటీ అంటారు గానీ, ఆ పేరు చూసి ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు వేస్తే దెబ్బతింటారు. ముందు అందరికీ కనీసం ఇచ్చేస్తుంది, మిగిలినదాన్ని మధ్య నంబర్‌లోంచి మొదటి నంబర్ తీసేయగా వచ్చిన తేడాల దామాషాలో పంచుతుంది. రూట్‌కి 10000, 20000, -1 అని, /వర్‌కి 10000, 40000, -1 అని ఇచ్చారనుకోండి. తేడాలు 10000, 30000. అంటే ఒకటికి మూడు. చోటు 100000 ఎంబీ ఉంటే కనీసాలు పోగా మిగిలిన 80000 లో రూట్‌కి 20000, /వర్‌కి 60000 కలుస్తాయి, మొత్తం 30000, 70000 అవుతాయి. మధ్య నంబర్ మొదటిదానితో సమానంగా పెడితే తేడా సున్నా, ఆ పార్టిషన్ కనీసం దగ్గరే ఆగిపోతుంది. ఒక్కో పార్టిషన్ వివరం చివర ఒక ఖాళీ, ఒక చుక్క ఉండాలి. ఆ ఖాళీ మరిచిపోయి రోజంతా తల పట్టుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు, అందులో ఒకడిని నేనే.

ప్రశ్న: స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) ర్యామ్‌కి రెట్టింపు ఉండాలని మా మేనేజర్ పట్టు. ఆడిట్ వాళ్లేమో /వర్, /టీఎంపీ అన్నీ విడివిడిగా కావాలంటారు. ఏ సైజులు పెట్టాలి? – పేరు వద్దన్నారు

జవాబు: మీ సర్వర్లో ర్యామ్ 256 జీబీ అని రాశారు. రెట్టింపు అంటే 512. మీ బూట్ డిస్క్ 480. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి మేనేజర్‌గారి బల్ల మీద పెట్టండి, మాట్లాడక్కర్లేదు.

రెట్టింపు అనేది ర్యామ్ 2 జీబీ లోపు ఉన్న కాలం నాటి మాట. రెడ్ హ్యాట్ సూచన ప్రకారం 2 నుంచి 8 జీబీ దాకా ర్యామ్‌తో సమానంగా, ఆపైన కనీసం 4 జీబీ. డేటాబేస్ లాంటివి నడిపితే వాళ్లు ఏం అడుగుతున్నారో చూడండి, అంతే.

ఆడిట్ వాళ్లు అడుగుతున్నది న్యాయమే, సీఐఎస్ బెంచ్‌మార్క్ అనే భద్రతా నియమాల జాబితాలో /టీఎంపీ, /వర్, /వర్/టీఎంపీ, /వర్/లాగ్, /వర్/లాగ్/ఆడిట్, /హోమ్ విడిగా ఉండాలని ఉంది. లాగ్‌లు నిండిపోయి రూట్ ఊపిరాడక సర్వర్ పడిపోవడం ఒక్కసారి చూసినవాళ్లు ఇక దీని మీద వాదించరు. సైజుల విషయంలో నాది ఒకటే పట్టు: అన్నీ ఎల్‌వీఎంలో పెట్టి, అన్నీ చిన్నగా మొదలుపెట్టి, మిగతాది ఖాళీగా ఉంచండి. కారణం ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్. రెడ్ హ్యాట్ కుటుంబంలో వెర్షన్ 7 నుంచి అదే డిఫాల్ట్. నడుస్తుండగానే పెరుగుతుంది, కానీ తగ్గించడం కుదరదు. /హోమ్‌కి 300 జీబీ ఇచ్చేసి తర్వాత /వర్‌కి చాలట్లేదంటే, /హోమ్‌ని బ్యాకప్ తీసి, చెరిపి, చిన్నగా మళ్లీ చేయాలి.

కిక్‌స్టార్ట్‌లో ఆటోపార్ట్ (పార్టిషన్లు ఇన్‌స్టాలరే వేసుకుంటుంది) అని ఒక్క మాట రాసి వదిలేసేవాళ్లకి జరిగేది సరిగ్గా ఇదే. రూట్‌కి ఒక హద్దు పెట్టి, పెద్ద డిస్క్ అయితే మిగతాదంతా /హోమ్‌కి ధారపోస్తుంది. సర్వర్లో /హోమ్‌లో ఎవరుంటారండీ? కంటైనర్ల ఇమేజ్‌లు, డేటాబేస్‌లు, లాగ్‌లు అన్నీ /వర్ కిందే కదా. ఆటోపార్టే కావాలంటే కనీసం --నోహోమ్ జోడించండి.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో నెట్‌వర్క్ బూట్ పెట్టాం. ఇన్‌స్టాల్ అవుతుంది, రీబూట్ అవుతుంది, మళ్లీ ఇన్‌స్టాల్ మొదలవుతుంది. రాత్రి వదిలేసి వెళ్తే పొద్దున్న కూడా అదే తంతు. – ఒక ల్యాబ్ అసిస్టెంట్, అనంతపురం

జవాబు: నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది. బూట్ వరసలో నెట్‌వర్క్ ముందుంది, మీ బూట్ సర్వర్ ఎవరొచ్చి అడిగినా ఇన్‌స్టాలరే ఇస్తోంది. డిస్క్‌ని ముందు పెట్టండి. ఖాళీ డిస్క్ అయితే బూట్ కాదు కాబట్టి తర్వాతి నెట్‌వర్క్‌కి వెళ్తుంది, ఇన్‌స్టాల్ అయ్యాక డిస్క్ నుంచే లేస్తుంది. తిరిగి ఇన్‌స్టాల్ చేయాలన్నప్పుడు మాత్రం ఆ ఒక్కసారికి నెట్‌వర్క్ ఎంచుకోండి. నెట్‌వర్క్ ఇన్‌స్టాల్స్ నడిపే కాబ్లర్ లాంటిది వాడుతుంటే పీఎక్స్‌ఈ_జస్ట్_వన్స్ అనే సెట్టింగ్ ఉంది, పని అయిందని మెషీన్ చెప్పగానే మళ్లీ ఇన్‌స్టాలర్ ఇవ్వదు.

ల్యాబ్‌లో పిల్లలు ప్రాజెక్టులు దాచుకుంటే ఇది నవ్వులాట కాదు. ఎవరో తెలియక రీస్టార్ట్ చేస్తే చాలు, అన్నీ పోతాయి. ఉబుంటు వాళ్లు ఈ ప్రమాదం ఊహించే ఒక గడియ పెట్టారు, కెర్నెల్ వరుసలో ‘ఆటోఇన్‌స్టాల్’ అనే మాట లేకపోతే, ఫైల్ అంతా సిద్ధంగా ఉన్నా డిస్క్ ముట్టుకునే ముందు ‘అవునా, కాదా’ అని అడుగుతుంది. ల్యాబ్ పెన్‌డ్రైవ్‌లలో ఆ మాట పెట్టకండి. ఒక్కసారి ‘యస్’ కొట్టడానికి ఎవరికీ చెయ్యి నొప్పి పుట్టదు.

ప్రశ్న: సర్, ఇవన్నీ నేర్చుకోవాలని ఉంది. నా దగ్గర సర్వర్ లేదు, 8 జీబీ ల్యాప్‌టాప్ మాత్రమే ఉంది. దాని డిస్క్ పోతుందేమోనని టెన్షన్. – ఒక బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: పోదమ్మా. వర్చువల్ మెషీన్ లోపల నడిచే ఇన్‌స్టాలర్‌కి మీరిచ్చిన వర్చువల్ డిస్కులే కనిపిస్తాయి, ల్యాప్‌టాప్ డిస్క్ కనిపించదు. కేవీఎం అయినా వర్చువల్‌బాక్స్ అయినా పరవాలేదు. 3 జీబీ ర్యామ్ ఇవ్వండి. డిస్కులు మాత్రం మూడు ఇవ్వండి, 20 జీబీ ఒకటి, 40 జీబీవి రెండు, ‘అవసరమైన కొద్దీ పెరిగే’ రకం ఎంచుకుంటే ల్యాప్‌టాప్‌లో అంత చోటు ఒక్కసారే తినవు. డిస్కుల్ని సాటా కింద తగిలించండి, వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన రకం) కింద పెడితే పేర్లు వీడీఏ, వీడీబీ అని వస్తాయి, ఎస్‌డీఏ తంటా మీ కళ్లతో చూడలేరు.

కిక్‌స్టార్ట్ ఫైల్ రాశాక నేరుగా బూట్ చేయకండి, ముందు కేఎస్‌వ్యాలిడేటర్ అనే కమాండ్‌తో సరిచూడండి, అక్షర దోషాలు అక్కడే దొరుకుతాయి. డెబియన్ ప్రీసీడ్‌కి అయితే డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ -సీ. ఇవి రాత సరిగ్గా ఉందో లేదో చూస్తాయి, డిస్క్ సరైనదా అని చూడవు. దానికి మీరే పరీక్ష పెట్టాలి. ఫైల్‌లో 20 జీబీ డిస్క్ వెతకమని రాసి, ఒకసారి ఇన్‌స్టాల్ చేయండి. వర్చువల్ మెషీన్ సెట్టింగ్స్‌లో ఆ డిస్క్‌ని మూడో పోర్ట్‌కి మార్చి మళ్లీ చేయండి. రెండో పోర్ట్‌కి మార్చి ఇంకోసారి. ప్రతిసారీ ఎల్‌ఎస్‌బ్లాక్ కొట్టి ఓఎస్ 20 జీబీ దాంట్లోనే ఉందో లేదో చూడండి. తర్వాత ఇంకో 20 జీబీ డిస్క్ తగిలించి బూట్ చేయండి. ఈసారి ఇన్‌స్టాలర్ ఏ డిస్క్‌నీ ముట్టుకోకుండా ఆగిపోవాలి. ఆగకపోతే ఆ ఫైల్, మీరు తీసిన ఎల్‌ఎస్‌బ్లాక్ జాబితాలు నాకు పంపండి, వచ్చే నెల ఇక్కడే విప్పి చూద్దాం.